బస్సు మన ఊరి మీదే పోతాది

జూన్ నెల వచ్చిందంటే చిత్తూరు జిల్లా పల్లెల్లో నలుగురు కూడిన చోట రెండే మాటలు వినిపిస్తాయి. తోతాపురి కిలో ఎంత పలుకుతోంది, ఇంటర్ అయిన పిల్లకు ఏ కాలేజీలో సీటొస్తుంది. ఈ రెండూ ఒకదాంతో ఒకటి ముడిపడినవే. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లోనే ఇంజినీరింగ్ సీట్ల కోసం ఎంసెట్ కౌన్సెలింగ్ కూడా నడుస్తుంది. 2021లో దాని పేరు ఈఏపీసెట్ అయింది గానీ జనం నోట ఇప్పటికీ ఎంసెట్టే. 2025లో తోతాపురి ధర పడిపోతే రైతుకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు చేర్చి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఏడాది హాస్టల్ మాట ఎత్తడానికి పిల్లలే జంకుతారు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు: "ఆ కాలేజీ బస్సు మన ఊరి మీదే పోతాది గదా, ఇంగేంది?"

ఆ మాటను తీసిపారేయడానికి లేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇంటికి దగ్గర్లో ఇంజినీరింగ్ చదవడానికి సరైన కారణాలు చాలానే ఉన్నాయి. కాకపోతే దగ్గర అనే దాన్ని దేనితో కొలుస్తున్నామో ముందు తేల్చుకోవాలి. రోడ్డు మీద పక్కనే ఉన్న కాలేజీ కౌన్సెలింగ్ కాగితం మీద చాలా దూరంలో ఉండొచ్చు. ఇంటికి దగ్గరైన కాలేజీ రోజులోని గంటలను తినేసి చదువుకు దూరం కావచ్చు. ఈ లెక్కలు చూడకుండా బస్సు రూటు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకునే ఇళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

కాగితం మీది దూరం

చిత్తూరు టౌన్ నుంచి వెల్లూరుకు 35 కిలోమీటర్ల పైచిలుకు. తిరుపతికి దాదాపు 70. పెద్ద జబ్బు చేస్తే వెల్లూరు సీఎంసీకి పరుగెత్తే చిత్తూరు జనానికి 1984లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన అక్కడి వీఐటీ కూడా పక్కింటి సంగతే. కానీ అది పొరుగు రాష్ట్రంలో ఉంది. దాని ప్రవేశ పరీక్ష వేరు, ఫీజు వేరు, ఎంసెట్ ర్యాంకుకు అక్కడ పని లేదు. మన రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి, సీటు వచ్చిన వాళ్ల కోసం. సరిహద్దు దాటిన మరుక్షణం ఆ లెక్క మారిపోతుంది. గంటలో చేరుకునే కాలేజీ కట్టాల్సిన డబ్బు దగ్గరికి వచ్చేసరికి చాలా ఇళ్లకు అందనంత దూరం వెళ్లిపోతుంది. నగరి వాళ్లకు తిరుత్తణి, తిరువళ్లూరు వైపు కాలేజీలతోనూ ఇదే కథ. కుప్పానికైతే తిరుపతి కన్నా బెంగళూరే దగ్గర, అది మూడో రాష్ట్రం.

ఇంకో తమాషా ఏర్పేడు దగ్గర ఉంది. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ ఇప్పుడు అక్కడి సొంత క్యాంపస్‌లో నడుస్తోంది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే బస్సెక్కితే అరగంట, ముప్పావు గంట ప్రయాణం. అయినా ఏర్పేడు పిల్లాడికీ పాట్నా పిల్లాడికీ ఆ గేటు ఒకే దూరంలో ఉంది. ఐఐటీల్లో స్థానిక కోటా లేదు, దేశమంతటికీ కలిపి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే కొలత. సీటొచ్చినా ఉండాల్సింది హాస్టల్లోనే. సత్యవేడు వైపు శ్రీసిటీలో 2013లో పెట్టిన ట్రిపుల్ ఐటీలో సీటు కూడా జేఈఈ మెయిన్ ర్యాంకుతో, అఖిల భారత పోటీలోనే. అదే తాడేపల్లిగూడెంలోని నిట్ తీసుకోండి. తిరుపతికి దాదాపు 500 కిలోమీటర్ల దూరం. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. కాగితం మీద చూస్తే కళ్లముందున్న ఏర్పేడు కన్నా గోదావరి జిల్లాలోని నిట్టే తిరుపతి విద్యార్థికి దగ్గర.

కన్వీనర్ కోటా సీట్ల విషయంలో ఇంటి దగ్గర అనేదానికి చట్టమే ఒక అర్థం ఇచ్చింది. 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం విశ్వవిద్యాలయ ప్రాంతాల వారీగా 85 శాతం సీట్లు స్థానికులకు పోతాయి. ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ప్రాంతం. 2022లో జిల్లాలు విడిపోయి తిరుపతి వేరు, చిత్తూరు వేరు అయినా ఈ గీత చెదరలేదు. అంటే చిత్తూరు విద్యార్థికి నెల్లూరు కాలేజీ కూడా లెక్కప్రకారం ఇంటి కాలేజీయే. విజయవాడ కాలేజీలో మాత్రం మిగిలిన 15 శాతం సీట్ల కోసం పోటీ పడాలి. పది వేల ర్యాంకుతో తిరుపతిలో వచ్చే బ్రాంచి, అదే స్థాయి విజయవాడ కాలేజీలో రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇంటర్ కోసం పిల్లల్ని విజయవాడ, గుంటూరు పంపిన తల్లిదండ్రులు స్థానికత పోతుందేమోనని ఏటా బెంగ పడుతుంటారు. సాధారణంగా పోదు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదవకపోతే, రాష్ట్రంలోనే చదివిన ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ గడిచిందో చూస్తారు. ఆరు నుంచి పది దాకా పాకాలలోనో పలమనేరులోనో చదివితే అయిదేళ్లు ఇక్కడివే, విద్యార్థి ఎస్వీయూ స్థానికుడే. అసలు జాగ్రత్త పడాల్సింది సరిహద్దు ఊళ్ల వాళ్లు. మంచి స్కూలని వెల్లూరులోనో, కర్ణాటక కేజీఎఫ్‌లోనో చేర్చి హైస్కూలు చదువంతా అక్కడే కానిచ్చిన పిల్లలకు ఈ 85 శాతంలో చోటు చిక్కదు. ఆరో తరగతిలో తీసుకున్న నిర్ణయం పన్నెండో తరగతి తర్వాత ఇలా తగులుతుంది.

చుట్టుపక్కల ఉన్నవి

ఈ ప్రాంతంలో ఇంజినీరింగ్ చదువు పాతదే. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1959లోనే ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది, అక్కడ అమ్మాయిల కోసమే ఇంజినీరింగ్ విభాగం నడుస్తోంది. 1990ల రెండో సగంలో ప్రైవేటు కాలేజీలు వెల్లువలా వచ్చాయి. ఎ.రంగంపేటలో శ్రీ విద్యానికేతన్ 1996లో, మదనపల్లె దగ్గర అంగళ్లులో మిట్స్ 1998లో మొదలయ్యాయి. ఆ తర్వాత చిత్తూరు, పుత్తూరు, కరకంబాడి, పలమనేరు, కుప్పం ఇలా రోడ్డు వెంబడి కాలేజీలు లేచాయి. వీటిలో ఎక్కువ భాగానికి 2008లో జేఎన్‌టీయూ విడిపోయాక ఏర్పడిన అనంతపురం జేఎన్‌టీయూ అనుబంధం. కలికిరిలో ఆ విశ్వవిద్యాలయం సొంత కాలేజీయే ఉంది. విద్యానికేతన్ 2022లో మోహన్‌బాబు యూనివర్సిటీగా మారింది.

ఈ తేడాలు సర్టిఫికెట్ మీదా ఫీజు మీదా కనిపిస్తాయి. అనుబంధ కాలేజీ అటానమస్ అయితే ప్రశ్నపత్రం, పేపర్లు దిద్దడం కాలేజీ చేతిలోనే ఉంటాయి, పట్టా మాత్రం జేఎన్‌టీయూ ఇస్తుంది. ప్రైవేటు యూనివర్సిటీ అయితే సిలబస్, పరీక్ష, పట్టా అన్నీ దానివే. అక్కడ కన్వీనర్ ద్వారా నింపే సీట్లు కొన్నే, మిగిలినవి వాళ్ల సొంత ప్రవేశాలు. అనుబంధ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ లేదు. ఈ ఒక్క ముక్క తెలియక, ఏప్రిల్లోనే అడ్వాన్స్ కట్టి సీటు ఖాయం చేసుకున్నామని నిశ్చింతగా ఉన్నవాళ్లు జూలైలో నాలుక్కరుచుకుంటారు. కౌన్సెలింగ్ దాకా ఆగి ఉంటే అదే కాలేజీ, అదే బ్రాంచి కన్వీనర్ కోటాలోనే వచ్చి ఉండేదని అప్పుడు తెలుస్తుంది.

ప్రభుత్వ కాలేజీల గురించి ఒక మాట. ఎస్వీయూ గానీ, కలికిరి గానీ ఫీజు విషయంలో ప్రైవేటు కాలేజీలు సాటి రానంత చౌక. సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లయితే వేరే సంగతి. లైబ్రరీ, పాత విద్యార్థుల బలగం, ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షకు కూర్చునే వాతావరణం ఉంటాయి. వెనక్కి లాగేది అధ్యాపకుల ఖాళీలు, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొచ్చే సెమిస్టర్లు. సొంతంగా చదువుకోగల పిల్లకు ఇవి చాలు. ఎవరో ఒకరు వెంటపడి చదివిస్తే తప్ప కదలని పిల్లాడికి కాస్త గట్టిగా పట్టే ప్రైవేటు కాలేజీయే నయం. ఇంట్లో వాళ్లకు తమ బిడ్డ ఏ రకమో తెలియకుండా ఉండదు, ఒప్పుకోవడమే కష్టం.

గంటల లెక్క

ఉదాహరణకు పాకాల దగ్గరి పల్లె నుంచి తిరుపతి అవతల ఉన్న కాలేజీకి రోజూ పోయి వచ్చే విద్యార్థిని తీసుకుందాం. కాలేజీ బస్సు ఉదయం ఆరూ యాభైకి ఊరి స్టాపుకు వస్తుంది. అది తిన్నగా పోదు. దారిలో ఉన్న ప్రతి పల్లె మలుపులో ఆగి, పిల్లల్ని ఎక్కించుకుంటూ పోతుంది. పోను గంటన్నర, రాను గంటన్నర అనుకుంటే రోజుకు మూడు గంటలు. ఏడాదికి 180 పనిదినాలు వేసుకున్నా 540 గంటలు. మూడు క్రెడిట్ల థియరీ సబ్జెక్టు ఒకదానికి సెమిస్టర్ మొత్తంలో క్లాసులు 48 గంటలకు అటూ ఇటూ. అంటే ఏడాదిలో బస్సులో గడిచే సమయం పదకొండు సబ్జెక్టుల క్లాసులకు సమానం. నాలుగేళ్లకు 2,160 గంటలు, రాత్రీ పగలూ కలిపి సరిగ్గా 90 రోజులు.

బస్సులో చదువుకోవచ్చుగా అంటారు. చంద్రగిరి దాటాక కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న పిల్లల్ని చూస్తే ఆ మాట రాదు. పాడి ఉన్న ఇళ్లలో ఆ పిల్లలు నాలుగున్నరకే లేచి, ఆవుల దగ్గర చేయి వేసి, పాల కేంద్రానికి క్యాన్ దింపి వచ్చి ఉంటారు. ఇంటికి దగ్గర్లో చదవడమంటే ఇంటి పనికి కూడా అందుబాటులో ఉండడమే. ఇది లాభమా నష్టమా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. నాన్నకు మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో అది చదువు కన్నా పెద్ద అవసరం, దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

బస్సు అసలు దెబ్బ కొట్టేది సాయంత్రం. చాలా కాలేజీల్లో నాలుగూ ఇరవైకో నాలుగున్నరకో బస్సులన్నీ ఒకేసారి కదులుతాయి. కాలేజీలో చదువు బయటి పనులు మొదలయ్యేది కూడా అప్పుడే. సీఆర్‌టీ క్లాసులు (క్యాంపస్ ఉద్యోగాల కోసం ఇచ్చే శిక్షణ), కోడింగ్ పోటీలు, ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లో కూర్చోవడం, సీనియర్ దగ్గర అర్థం కాని ముక్క అడగడం, అన్నిటికీ సమయం ఆ తర్వాతే. హాస్టల్ పిల్లలు ఉంటారు, డే స్కాలర్లు బస్సు కోసం పరుగెత్తుతారు. సీఆర్‌టీ రోజుల్లో ఆరు గంటలకు రెండో ట్రిప్పు వేసే కాలేజీ ఉంది, వేయనిదీ ఉంది. చేరేముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఇది చాలా పెద్దది. అడిగేవాళ్లు మాత్రం దాదాపుగా కనిపించరు.

అందుకే ఈ ప్రాంతంలో కిలోమీటర్లను నిమిషాల్లోకి మార్చి చూడాలి. ఇంటి తలుపు నుంచి క్లాసు గుమ్మం దాకా నలభై అయిదు నిమిషాల లోపైతే రోజూ పోయి రావడం నిక్షేపంగా సాగుతుంది. గంట పావు దాటితే, మొదటి ఏడాదైనా హాస్టల్లో ఉంచి, సీనియర్లు అలవాటయ్యాక మార్చుకోవడం మేలు. మధ్యలో ఉన్నవాళ్లకు రైలు, ఆర్టీసీ పాస్ కూడా చూసుకోవాలి. పుత్తూరు రేణిగుంట–అరక్కోణం లైన్ మీద ఉంది. చిత్తూరు, పాకాల తిరుపతికి రైలు దారిలోనే ఉన్నాయి. కాలేజీ బస్సు ఫీజు స్టేజీని బట్టి ఏటా పెరుగుతుంది. ఆర్టీసీ స్టూడెంట్ పాస్ దాని ముందు చాలా చౌక. ట్యూషన్ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ వచ్చినా బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, సీఆర్‌టీ ఫీజు జేబు నుంచే. ఒక కాలేజీకీ ఇంకో కాలేజీకీ ఉన్న ఫీజు తేడా ఈ పక్క ఖర్చుల్లో కలిసిపోవడం మామూలే. కాబట్టి నాలుగేళ్ల మొత్తాన్ని ఒక కాగితం మీద కూడి చూడాలి.

తిరుపతి టౌన్‌లో సొంతిల్లు ఉన్నవాళ్ల బాధ ఇంకో రకం. ప్రయాణం పావుగంటే, కానీ కొండ కింద ఇల్లంటే సత్రంతో సమానం. బ్రహ్మోత్సవాలకు దిగే చుట్టాలు దిగుతారు, వైకుంఠ ఏకాదశికి దిగేవాళ్లు దిగుతారు. ఆ ఏకాదశి డిసెంబరు, జనవరిల్లోనే వస్తుంది, సెమిస్టర్ పరీక్షలూ తరచుగా ఆ చుట్టుపక్కలే. హాల్లో ఆరు చాపలు పరిచి ఉన్న ఇంట్లో నెట్‌వర్క్ థియరీ చదవడం మాటలు కాదు. హాజరు 75 శాతం ఉండాలి. 65కు పైన ఉంటే కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, అంతకు తగ్గితే డీటెయిన్, అంటే పై సెమిస్టర్‌కు పోనివ్వరు. చుట్టాలకు దర్శనం చేయించి రావడానికి తిరిగిన రోజులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఫ్లెక్సీ చెప్పనివి

తిరుపతి నుంచి ఏ దిక్కు బయలుదేరినా కాలేజీల ఫ్లెక్సీలు ఎదురొస్తాయి. ఒక ఫొటో, దాని కింద పెద్ద అక్షరాల్లో లక్షల ప్యాకేజీ. అది ఒక్క విద్యార్థి జీతం. తెలుసుకోవాల్సింది నడిమి జీతం. ఉద్యోగం వచ్చిన వందమందిని జీతం వరుసలో నిలబెడితే యాభయ్యో వాడికి ఎంత వచ్చిందన్నది. దానితో పాటు ఆ బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది, బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) లేకుండా ప్లేస్‌మెంట్‌కు అర్హులైంది ఎంతమంది, ఒక్కడికే నాలుగు ఆఫర్లొస్తే నాలుగుగా లెక్కేశారా అన్నవి కూడా అడగాలి. సరిగ్గా నడిచే కాలేజీ ఈ లెక్కలు బ్రాంచి వారీగా చూపిస్తుంది. చూపించడానికి నసిగిందంటే దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

న్యాక్, ఎన్‌బీఏ అని ఫ్లెక్సీ మీద రెండు నాణ్యత ముద్రలు ఉంటాయి. ఇవి రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇచ్చేది, అదీ కొన్నేళ్లకే. ఇంజినీరింగ్ పట్టాలను దేశాలు ఒకరివొకరు గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ శాశ్వత సభ్యత్వం పొందాక, పై చదువులకు విదేశాలు పోయేవాళ్లకు ఈ ఎన్‌బీఏ విలువ పెరిగింది. కాలేజీలో మెకానికల్‌కు, సివిల్‌కు ఎన్‌బీఏ ఉండి, రెండేళ్ల కిందట పెట్టిన ఏఐ బ్రాంచికి లేకపోయినా గేటు మీద ముద్ర ఒకటే కనిపిస్తుంది. ఎన్‌బీఏ సైట్లో కాలేజీ పేరు కొట్టి, తాను చేరే బ్రాంచికి ఉందా, ఎప్పటి దాకా ఉందని చూడటం అయిదు నిమిషాల పని.

ఇంకా లోతుగా చూడాల్సింది కంప్యూటర్ సైన్స్ సెక్షన్ల సంగతి. బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితిని 2024–25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, బాగా నడిచే కాలేజీల విషయంలో ఎత్తేసింది. దాంతో సీఎస్‌ఈ, దాని పక్కన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అనే కొత్త పేర్లు, ఒక్కోదానికి ఎ, బి, సి, డి సెక్షన్లు. సీట్లు ఒక్క ఉత్తర్వుతో పెరుగుతాయి, చెప్పే మాస్టార్లు అలా పెరగరు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది నిబంధన. అధ్యాపకుల జాబితా కాలేజీ వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. అందులో సీఎస్‌ఈ వాళ్లను లెక్కబెట్టి, అన్ని సెక్షన్ల విద్యార్థులతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. ఆ జాబితాలో సగం మంది కిందటేడాది చేరినవాళ్లే అయితే, వచ్చే ఏడాదికి వాళ్లలో ఎందరుంటారో కూడా ఆలోచించాలి.

దగ్గరితనం పనికొచ్చే బ్రాంచిలు

అందరూ సీఎస్‌ఈ వైపు ఉరకడంలో ఒక విచిత్రం ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎక్కడ చదివినా చివరికి బెంగళూరు, చెన్నై, హైదరాబాదే. ఇంటర్న్‌షిప్ కూడా ఆన్‌లైన్లోనో, ఆ నగరాల్లోనో. ఆ బ్రాంచిలో చదివేవాడికి కాలేజీ ఏ ఊళ్లో ఉందన్నదాంతో పెద్దగా పని లేదు. తిరుపతి, చిత్తూరు చుట్టూ ఉన్న పని మాత్రం మరో రకం. కరకంబాడిలోనూ, బంగారుపాళ్యం దగ్గర నూనెగుండ్లపల్లెలోనూ అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీలు. శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్. సత్యవేడు దగ్గర హీరో మోటోకార్ప్. రేణిగుంట, ఏర్పేడు ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లు. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. ఇవి అడిగేది ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ (ఎలక్ట్రికల్), మెకానికల్ చదివినవాళ్లను.

2023లో వచ్చిన జేఎన్‌టీయూ ఆర్23 బీటెక్ నిబంధనల్లో రెండు వేసవి ఇంటర్న్‌షిప్‌లు, చివరి సెమిస్టర్లో ఇంటర్న్‌షిప్‌తో కూడిన ప్రాజెక్టు ఉన్నాయి. వీటిని డబ్బు కట్టి తెచ్చుకునే ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవడం ఎక్కువగా జరిగేదే. ఈఈఈ చదివే పిల్ల రెండు నెలలు ఇంటి నుంచే పోయి ఫ్యాక్టరీలో నిలబడి రావడానికి వీలుంటే, ఇంటికి దగ్గర అన్న మాటకు అంతకన్నా గట్టి అర్థం ఉండదు. కాలేజీకి ఆ ఫ్యాక్టరీలతో నిజంగా పొత్తు ఉందా, కిందటేడాది ఏ బ్రాంచి నుంచి ఎంతమందిని పంపారు అని విభాగం హెడ్‌నే అడగాలి. ఒప్పందం మీద సంతకం చేసిన ఫొటో అందరి దగ్గరా ఉంటుంది.

ఇందులో ఒక లోటు కూడా ఉంది. ఫ్యాక్టరీల్లో ఫ్లోర్ మీది పనికి డిప్లొమా పిల్లల్ని తీసుకోవడమే వాళ్లకు చౌక. బీటెక్ చేసి అదే పనికి, కాస్త అటూ ఇటూగా అదే జీతానికి చేరాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది. సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గు పూర్తిగా పిచ్చి కాదనడానికి ఇదే కారణం.

అమ్మాయి అయితే

దగ్గర అన్న మాట అబ్బాయిల విషయంలో సలహా, అమ్మాయిల విషయంలో తీర్పు. ఒకే ఇంట్లో అన్నను అప్పు చేసైనా చెన్నై పంపి, మెరుగైన ర్యాంకు వచ్చిన చెల్లెల్ని ఊరి మీద బస్సు పోయే కాలేజీలో వేయడం ఈ జిల్లాల్లో వింతేం కాదు. కారణం అడిగితే భద్రత అంటారు. ఆరున్నరకు చీకట్లో మలుపు దగ్గర ఒంటరిగా బస్సు దిగి పొలం గట్టున నడవడం కన్నా, తిరుపతిలో విశ్వవిద్యాలయం హాస్టల్ ఏ విధంగా ప్రమాదమో మాత్రం ఎవరూ చెప్పరు. కన్వీనర్ సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు కేటాయింపు ఉంది. అందువల్ల చాలా కాలేజీల్లో ఒకే కేటగిరీలో అమ్మాయిల చివరి ర్యాంకు అబ్బాయిలది కన్నా కొంత వెనక్కి పోతుంది. అంటే అదే ర్యాంకుతో అమ్మాయికి ఇంకాస్త మంచి కాలేజీ అందే వీలుంది. ఇల్లు గీసిన గీత వల్ల ఆ వీలు చేతికొచ్చి జారిపోతుంది.

ఆప్షన్లు పెట్టే రాత్రి

ఇన్ని చూసుకున్నాక కూడా తప్పు జరిగేది వెబ్ ఆప్షన్ల దగ్గరే, అంటే కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్లో వరుసగా పెట్టే చోటే. పెద్ద కాలేజీని ముందు పెడితే అది రాక, దగ్గరిది కూడా చేజారుతుందేమోనని భయపడి, దగ్గరి కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టేస్తారు. ఆ భయానికి ఆధారం లేదు. సీట్ల కేటాయింపు ర్యాంకు వరుసలో నడుస్తుంది. విద్యార్థి వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ అతని ఆప్షన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ పోయి, ఖాళీ ఉన్న మొదటి చోట ఆగుతుంది. అందని కాలేజీని పైన పెట్టినందుకు కిందున్న కాలేజీ అవకాశం రవ్వంత కూడా తగ్గదు. దగ్గరి కాలేజీని పైన పెడితే మాత్రం, పెద్ద కాలేజీలో వచ్చే సీటును వద్దనుకున్నట్టే. రెండో విడతలో కొత్త సీటొస్తే మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది, కాబట్టి అప్పుడు మాత్రం నిజంగా మెరుగు అనుకున్నవే పెట్టాలి.

కిందటేడాది చివరి ర్యాంకుల పట్టిక కాలేజీ, బ్రాంచి, కేటగిరీ, అమ్మాయి, అబ్బాయి వారీగా దొరుకుతుంది. దాన్ని ముందు పెట్టుకుని ఇంట్లోనే కూర్చుని ఆప్షన్లు రాసుకోవచ్చు. నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డ్ ఇచ్చేసి, నువ్వే చూసి పెట్టు నాయినా అనడం, ఇంటికి వచ్చిన కాలేజీ మనిషి చేతిలో ఫోన్, ఓటీపీ పెట్టేయడం వల్ల మునిగినవాళ్లు తక్కువేం కాదు. వేసవిలో ఇంటింటికీ తిరిగే ఆ మనిషి కూడా చాలాసార్లు లెక్చరరే. ఇన్ని అడ్మిషన్లు తేవాలని పైనుంచి ఒత్తిడి ఉన్నవాడు, పాపం ఎండలో బైకు మీద వచ్చుంటాడు. మజ్జిగ ఇవ్వొచ్చు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకూడదు. వాటిని కాలేజీ తన దగ్గర పెట్టుకోవడం యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం కూడదు.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోగా సీనియర్లకు క్లాసులు మొదలైతే ఒక పని చేయొచ్చు. ఉదయం ఊరి స్టాపులో నిలబడితే ఆ బస్సు నిజంగా ఎన్నింటికి వస్తుందో, అప్పటికే ఎంతమంది నిలబడి ఉన్నారో కనిపిస్తుంది. దాని వెనకే బైకు మీద కాలేజీ దాకా పోయి, సాయంత్రం నాలుగింటికి గేటు బయట టీ బంకు దగ్గర మూడో సంవత్సరం పిల్లల్ని రెండు ముక్కలు అడిగితే చాలు. ఏ సబ్జెక్టుకు సారు రాలేదో, ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్‌లు పని చేస్తాయో, సీఆర్‌టీ రోజు రెండో ట్రిప్పు ఉంటుందో లేదో ఆ టీ అయ్యేలోపు చెప్పేస్తారు, అదీ బస్సు హారన్ కొట్టకపోతే.